వాన రాత్రి డ్రెయిన్‌లోకి ఫర్నేస్ ఆయిల్ పోయినప్పుడు: నా అనుభవం

థర్మల్ ప్లాంటులో పని చేస్తున్నానంటే బయటివాళ్లు పొగ గురించి అడుగుతారు, బూడిద గురించి అడుగుతారు. ఆయిల్ గురించి ఎవరూ అడగరు. బొగ్గుతో నడిచే చోట ఆయిల్‌తో పనేంటి అనుకుంటారు. కానీ చల్లబడిన బాయిలర్‌ని మళ్లీ వెలిగించాలంటే ముందు ఆయిలే (చిక్కటి ఫర్నేస్ ఆయిల్) కావాలి, లోడు బాగా తగ్గినప్పుడు మంట ఆరిపోకుండా నిలబెట్టడానికీ అదే కావాలి. ఇవి కాక టర్బైన్ బేరింగులకు లూబ్ ఆయిల్, పెద్ద ట్రాన్స్‌ఫార్మర్లలో ఒక్కోదాంట్లో వేల లీటర్ల ఆయిల్. ఈ ఆయిల్ అంతా ఉండేది ఎక్కడంటే, రోజూ టన్నుల కొద్దీ నీళ్లు లోపలికొచ్చి బయటికి పోయే చోట. అందుకని ఎప్పుడో ఒకప్పుడు రెండూ కలుస్తాయి.

నేను కెమిస్ట్రీ విభాగంలో ఉంటాను. బాయిలర్ నీళ్ల దగ్గర్నుంచి బయటికి పోయే నీళ్ల దాకా పరీక్షలన్నీ మావే. ప్లాంటు పేరు చెప్పను, ఊరు కూడా చెప్పను. మా వాన నీటి డ్రెయిన్ చివరికి ఒక సాగునీటి కాలువలో కలుస్తుంది, ఆ కాలువ కింద వరి పొలాలున్నాయి, ఇంకొంచెం కిందికి పోతే ఒక ఊరి మంచినీళ్ల చెరువుకి తూము ఉంది. ఇంతవరకు తెలిస్తే చాలు.

నాట్లు పడుతున్న రోజులు. ఒక యూనిట్ ట్రిప్ అయి (ఉన్నట్టుండి ఆగిపోయి) దాని బాయిలర్ మళ్లీ లైటప్ చేస్తున్నారు, అంటే వెలిగిస్తున్నారు, ఫర్నేస్ ఆయిల్ ఖర్చు బాగా ఉంది, ట్యాంకులో నిల్వ తగ్గుతోందని రాత్రి పూటే ట్యాంకర్ అన్‌లోడింగ్ పెట్టారు. బయట కుండపోత వాన. మామూలుగా అయితే అన్‌లోడింగ్ చేసే చోట చుట్టూ చిన్న గట్టు ఉంటుంది, కారిన ఆయిల్ ఒక సంపులోకి పోతుంది, అక్కడ్నుంచి ఆయిల్ వాటర్ సెపరేటర్‌కి. ఆ రాత్రి హోస్ పైపు జాయింటులో గాస్కెట్ పాడైంది, చీకట్లో వానలో కారడం వెంటనే ఎవరికీ కనపడలేదు, ఈలోపు వాన నీళ్లతో సంపు నిండిపోయి గట్టు మీదుగా పొర్లింది. నీళ్ల మీద ఆయిల్ తేలుతుంది కాబట్టి పొర్లినప్పుడు మొదట బయటికి వెళ్లేది అదే. సెపరేటర్ కూడా వాన రోజున పెద్దగా ఆదుకోదు. దాంట్లో నీళ్లు నెమ్మదిగా కదిలితేనే ఆయిల్ బొట్లు పైకి తేలడానికి టైముంటుంది, వరద తోసుకొస్తే ఆయిల్ కూడా నీళ్లతో పాటే దాటిపోతుంది.

డ్రెయిన్ చివర డ్యూటీలో ఉన్న కాంట్రాక్ట్ కుర్రాడు ఫోన్ చేశాడు. "మేడం, నీళ్ల మీద రంగులు తేలుతున్నాయి, తారు వాసన వస్తోంది" అన్నాడు. ఆ కుర్రాడికి నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాననే అనుకుంటాను. లైటు వేసి నీళ్ల వైపు చూడాలని అనిపించడమే పెద్ద విషయం, పైగా అనుమానం వచ్చిన వెంటనే పైవాళ్లు ఏమంటారో అని ఆగకుండా ఫోన్ చేశాడు. "ముందు డ్రెయిన్ గేటు దించెయ్, తర్వాత మాట్లాడదాం" అన్నాను.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి, ఎందుకంటే దీని మీద చాలామంది ఇంజినీర్లతో నాకు వాదన అయింది. సహజంగా అందరి బుర్రా లీకు ఎక్కడో కనిపెట్టడం మీదకే పోతుంది. ఎక్కడ్నుంచి వస్తోంది, ఏ పంపు, ఏ కూలర్, ఎవరి ఏరియా అని. అది తేలేసరికి అరగంటో గంటో పడుతుంది, ఆ అరగంటా ఆయిల్ కాలువలోకి పోతూనే ఉంటుంది. బయటికి పోయే దారి మూస్తే ఎంత కారినా మన కాంపౌండ్ లోపలే ఉంటుంది, తీరిగ్గా వెతుక్కోవచ్చు. గేటు కిందికి పూర్తిగా దిగలేదు, అడుగున రాయో ఒండ్రో అడ్డుపడి సందు ఉండిపోయింది. ఇసుక బస్తాలు వేయించి ఆ సందు మూశారు.

రెండో ఫోన్ కంట్రోల్ రూమ్‌కి. షిఫ్ట్ ఇన్‌ఛార్జి గారు అన్‌లోడింగ్ వెంటనే ఆపించారు, టర్బైన్ మెయిన్ ఆయిల్ ట్యాంక్ లెవెల్, ట్రాన్స్‌ఫార్మర్ల ఆయిల్ లెవెల్ చూడమని మనుషుల్ని పంపారు. లూబ్ ఆయిల్ కూలర్‌లో ట్యూబు పోయినా ఇలాగే నీళ్లలో ఆయిల్ కనపడుతుంది కాబట్టి అది కూడా తేల్చుకోవాలి. కానీ గేటు మూశామని చెప్పగానే ఆయన కంగారుపడ్డారు. "గేటు దించితే ఈ వాన నీళ్లు ఎటు పోతాయమ్మా? కేబుల్ ట్రెంచ్‌లోకి వస్తే ఉన్న యూనిట్ కూడా పోతుంది" అన్నారు. ఆయన చెప్పింది నిజమే, అది ఊరికే అడ్డం చెప్పడం కాదు. అరగంట టైమివ్వండి, ఈలోగా నీళ్లు పోయి ఆయిల్ ఆగే ఏర్పాటు చేస్తాం అని చెప్పాను.

మూడో ఫోన్ కాలువ లస్కరుకి (కాలువ నీళ్లు చూసుకునే మనిషి), నాలుగోది పంచాయతీ వాటర్‌మ్యాన్‌కి. ఈ రెండు నంబర్లు మా ల్యాబ్ గోడ మీద కాగితంలో ఉన్నాయి, రిటైరైపోయిన మా సీనియర్ ఒకాయన రాసి అంటించి వెళ్లారు. అర్ధరాత్రి లేపి, "మా వైపు నుంచి కాలువలో కొంచెం ఆయిల్ కలిసింది, మంచినీళ్ల చెరువు తూము మూసేయండి" అంటే వాటర్‌మ్యాన్ పెద్దాయన ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. కాసేపటికి తనే ఫోన్ చేసి "తూము మూసేశానమ్మా, నువ్వు చెప్పిందాకా తియ్యను" అన్నారు. ఆ ఒక్క మాటతో నా టెన్షన్ సగం తగ్గింది. చెరువులోకి ఒకసారి ఆయిల్ వెళ్తే దాన్ని తియ్యడం మన తరం కాదు, ఊరంతా ఆ నీళ్లే తాగాలి. కాలువలో అయితే నీళ్లు కదులుతుంటాయి, ఏదో ఒకటి చెయ్యొచ్చు.

ఇక నీళ్లు పోయి ఆయిల్ ఆగే ఏర్పాటు. ఇది ఏ ప్లాంటువాళ్లకైనా, ఆ మాటకొస్తే ఏ పెట్రోలు బంకువాళ్లకైనా పనికొస్తుంది కాబట్టి వివరంగా రాస్తున్నాను. డ్రెయిన్‌కి అడ్డంగా ఇసుక బస్తాలతో కట్ట వేస్తాం. ఆ కట్టలో లావుపాటి పీవీసీ పైపుల్ని ఏటవాలుగా పెడతాం. ఎగువ వైపు మూతి డ్రెయిన్ అడుగుకి దగ్గరగా, నీళ్లలో బాగా మునిగి ఉండాలి. దిగువ వైపు మూతి పైకి ఉండాలి. అప్పుడు కట్ట వెనక నీళ్లు ఆ పై మూతి ఎత్తు వరకు నిలుస్తాయి, పైపులోకి వెళ్లేవి అడుగు నీళ్లే కాబట్టి పైన తేలే ఆయిల్ కట్ట వెనకే ఆగిపోతుంది. కరెంటు అక్కర్లేదు, మెషీన్ అక్కర్లేదు. చూసుకోవాల్సినవి రెండే: వచ్చే వరదకి సరిపడా పైపులు ఉండాలి, లేకపోతే నీళ్లు కట్ట మీదుగా పొర్లి ఆయిల్‌నే ముందు మోసుకుపోతాయి, ఆగిన ఆయిల్‌ని ఎప్పటికప్పుడు తోడేస్తుండాలి. సివిల్ వాళ్ల దగ్గర పాత పైపులు పడి ఉన్నాయి, వాటితో ఒకదాని వెనక ఒకటి రెండు కట్టలు వేశారు. ఆ వానలో మోకాలి లోతు నీళ్లలో దిగి బస్తాలు మోసింది కాంట్రాక్ట్ కార్మికులు. తర్వాత వచ్చిన రిపోర్టుల్లో వాళ్ల ప్రస్తావన ఎక్కడా లేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. కట్టలు నిలబడ్డాక గేటు కొంచెం కొంచెంగా ఎత్తాం, ట్రెంచ్‌లోకి నీళ్లు రాలేదు.

ఫర్నేస్ ఆయిల్ వేడిగా ఉంటేనే బాగా పారుతుంది. చల్లటి నీళ్లలో పడగానే చిక్కబడి గడ్డికీ కాంక్రీటుకీ అంటుకుంటుంది. అది ఒకందుకు మంచిదే, డీజిల్ లాగా క్షణాల్లో పరుచుకోదు. స్టోర్స్‌లో ఆయిల్ పీల్చే తెల్లటి పాలీప్రొపిలీన్ షీట్లు ఉన్నాయి, అవి నీళ్లని పీల్చుకోవు, ఆయిల్‌నే పట్టుకుంటాయి. అవి చాలక వరిగడ్డి తెప్పించి గోనె సంచుల్లో కుక్కి వరసగా కట్టాం. తడిసిన గడ్డి ఆయిల్‌ని అంతగా పీల్చదు, అయినా చిక్కటి ఆయిల్ దానికి అంటుకుని ఆగుతుంది. ఈలోపు ఎవరో సబ్బు పొడి బస్తా తెచ్చారు, చల్లితే రంగులు పోతాయని. వద్దన్నాను. రంగులు పోతాయి నిజమే, కానీ ఆయిల్ ఎక్కడికీ పోదు, సన్నటి బొట్లుగా విడిపోయి నీళ్లలో కలిసిపోతుంది. పైన తేలుతున్నంతసేపూ తోడగలం, కలిసిపోయాక ఏం చేసినా రాదు, చేపలకి ఆ సబ్బూ విషమే, ఆ బొట్లూ విషమే. కంటికి కనపడకుండా చెయ్యడానికే అయితే అది శుభ్రం చెయ్యడం ఎలా అవుతుంది?

గేటు దించేలోపు పోయిన ఆయిల్ కాలువలో ఉంది. కొంచెం కిందికి వంతెన దగ్గర వెదుళ్లకి గోనె సంచులు కట్టి నీళ్ల మీద తేలేలా వేశారు. మొదట కాలువకి తిన్నగా అడ్డంగా వేయబోయారు. ప్రవాహం సెకనుకి 35 సెంటీమీటర్లు దాటితే అలా అడ్డంగా వేసినదాని కిందనుంచి ఆయిల్ దూరిపోతుంది, మా కాలువ అప్పుడు అంతకంటే జోరుగా ఉంది. ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకి బాగా ఏటవాలుగా వేస్తే ఆయిల్ ఆ వాలు వెంట జారుతూ ఒక పక్కకి చేరుతుంది, అక్కడ బకెట్లతో తోడుకోవచ్చు. తెల్లవారేసరికి ఒడ్డు పక్కన నల్లటి తెట్టు చేరింది, డ్రమ్ముల్లోకి ఎత్తారు.

పొద్దున్నే రైతులు వచ్చారు. ఒకాయన సూటిగా అడిగారు, "నా నారుమడి పోతుందా, ఉంటుందా, అది చెప్పండి" అని. ఏదో ఒకటి చెప్పి పంపేయడం నాకు ఇష్టం లేదు. మీ బోదెలోకి వెళ్లి చూద్దాం పదండి అని వెళ్లాను. మొదటి పంట బోదె మొదట్లో నీళ్ల మీద సన్నటి వెండి పొర కనపడింది, అంతకంటే లోపలికి లేదు. అలాంటి పొర అంటే అంగుళాల్లో కాదు, మైక్రాన్‌లో (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మూడో వంతు కూడా ఉండదు. ఇంద్రధనుస్సు రంగులు కనపడితే కొంచెం ఎక్కువ, నల్లగా ముద్దగా ఉంటే చాలా ఎక్కువ. ఒక లీటరు ఆయిల్ 0.3 మైక్రాన్ల మందాన పరుచుకుంటే 80 సెంట్ల పైన నేల కప్పేస్తుంది. అందుకే కళ్లకి భయంకరంగా కనపడినా అసలు ఆయిల్ తక్కువ ఉండొచ్చు, అలాగని "లీటరే కదా" అని కొట్టిపారేయడానికీ లేదు, ఆ లీటరే ఒకరి పొలం మొత్తం మీద పొర కట్టగలదు, గాలి నీళ్లలోకి దిగకుండా చేస్తుంది. ఆ బోదె మూసి, కాలువ శుభ్రపడేదాకా నీళ్లు పెట్టొద్దని చెప్పాం. నష్టం జరిగితే రాసిస్తాం అని మా ఆఫీసర్ గారు అక్కడే అందరి ముందూ చెప్పారు. అప్పుడు రైతుల గొంతు కొంచెం తగ్గింది.

మధ్యలో శాంపిళ్ల పని. ఆయిల్ అండ్ గ్రీజ్‌కి (నీళ్లలో ఆయిల్ ఎంతుందో చూసే పరీక్ష) శాంపిల్ ప్లాస్టిక్ సీసాలో పట్టకూడదు, ఆయిల్ గోడలకి అంటుకుపోతుంది, వెడల్పు మూతి గాజు సీసానే కావాలి. మిగతా పరీక్షలకి చేసినట్టు అదే నీళ్లతో సీసా కడగకూడదు, కడిగితే గోడలకి కొంత ఆయిల్ అంటి లెక్క ఎక్కువ వస్తుంది. పట్టగానే యాసిడ్ వేసి పీహెచ్ 2 కంటే తగ్గించి చల్లగా ఉంచాలి. పైన తేలే తెట్టు మీంచి పడితే ఒక అంకె, చెయ్యి లోపలికి పెట్టి పడితే ఇంకో అంకె వస్తాయి, కాబట్టి ఎలా పట్టామో కూడా రాయాలి. మా డ్రెయిన్ కలిసే చోటుకి ఎగువన, కలిసే చోట, దిగువన, మంచినీళ్ల తూము దగ్గర పట్టాం. ఎగువ శాంపిల్ చాలామంది మర్చిపోతారు. అది లేకపోతే ఏది మనదో ఏది కాదో తేలదు. మా అనుమతి పత్రంలో పరిమితి లీటరుకి 10 మిల్లీగ్రాములు, కలిసే చోట ఆ రాత్రి దానికి మించే వచ్చింది. తూము దగ్గరిది మాత్రం మా పరీక్షలో దొరకనంత తక్కువగా ఉంది.

ఇంకో సంగతి నన్ను బాగా ఆలోచనలో పడేసింది. మా ఆన్‌లైన్ మానిటరింగ్ గ్రాఫులు ఆ రాత్రంతా నున్నగా ఉన్నాయి. పెద్ద పరిశ్రమలన్నీ ఇలాంటి మీటర్లు పెట్టాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2014లో ఆదేశించింది, మావి కూడా పీహెచ్, సస్పెండెడ్ సాలిడ్స్ (నీళ్లలో కరగని సన్నటి కణాలు) లాంటివి చూపిస్తూ బోర్డు సర్వర్‌కి నేరుగా డేటా పంపుతాయి. కానీ అవి ఉన్నది శుద్ధి చేసిన నీళ్లు బయటికొచ్చే పైపు మీద, వాన నీటి డ్రెయిన్ మీద కాదు, పైగా నీటి మీద తేలే ఆయిల్ పొరని అవి చూడవు. ఆ కుర్రాడు లేకపోతే రికార్డుల ప్రకారం ఆ రాత్రి ఏమీ జరగనట్టే.

పీసీబీకి (కాలుష్య నియంత్రణ బోర్డుకి) చెప్పే విషయంలో మా ఆఫీసులో వాదన జరిగింది. కాలువలోకి పోయింది మహా అయితే ఏ ఇరవై లీటర్లో, దానికి బోర్డుకి చెప్పుకోవాలా, శుభ్రం చేస్తున్నాం కదా అని కొందరన్నారు. 1974 నీటి చట్టంలో సెక్షన్ 31 తీసి చూపించాను. ప్రమాదవశాత్తు కలుషితాలు కాలువలోకో బావిలోకో నేల మీదకో పోయినా, పోయే అవకాశం ఉన్నా, ఆ చోటుకి బాధ్యత వహించేవాళ్లు వెంటనే బోర్డుకి తెలియజేయాలి అని ఉంది. ఇన్ని లీటర్లు దాటితేనే అని అందులో లేదు. 2020 మేలో రష్యాలోని నొరిల్స్క్‌లో ఒక పవర్ స్టేషన్ ట్యాంకు కూలి సుమారు 20,000 టన్నుల డీజిల్ బయటికి పోయింది. ఆ డీజిల్ వల్ల జరిగిన నష్టం ఒక ఎత్తైతే, సమాచారం రెండు రోజులు ఆలస్యంగా తెలిసిందని అధ్యక్షుడు పుతిన్ టీవీ సమావేశంలోనే మండిపడటం ఇంకో ఎత్తు. మాది దాని ముందు లెక్కలోకే రాదు, కానీ దాచాలనే బుద్ధి చిన్నదానికైనా పెద్దదానికైనా ఒకేలా పుడుతుంది, చిన్నవి దాచడం అలవాటైతే పెద్దది జరిగినప్పుడు నోరు రాదు. చివరికి మా పెద్ద సార్ ఆ రాత్రే ఫోన్ చేసి చెప్పారు, మెయిల్ కూడా పెట్టించారు.

రాతపూర్వక రిపోర్టులో నేను పట్టుబట్టింది పరిమాణం ఎలా లెక్కకట్టామో రాయాలని. ట్యాంకు డిప్ (లోపల ఆయిల్ ఎత్తు) చూసి చెబుదామన్నారు. 15 మీటర్ల వ్యాసం ఉన్న ట్యాంకులో ఒక మిల్లీమీటరు అంటేనే 170 లీటర్ల పైన, దాంతో ఏం తేలుతుంది? ట్యాంకర్ లోపలికొచ్చినప్పుడు, బయటికెళ్లినప్పుడు వేబ్రిడ్జి తూకం ఉంది, పంపు తర్వాత ఫ్లో మీటర్ ఉంది. తూకం తేడాలోంచి మీటర్ చూపించింది తీసేస్తే కారింది వచ్చింది, దాదాపు 300 లీటర్లు. సంపులో, డ్రెయిన్‌లో తోడింది నీళ్లు వేరు చేశాక కొలిచాం. మిగిలింది కాలువలోకి పోయిందనుకోవాలి. ఇందులో పదుల లీటర్లు అటూ ఇటూ ఉండొచ్చని కూడా రాశాం. బోర్డు ఇంజినీర్ గారు తనిఖీకి వచ్చినప్పుడు ఎక్కువసేపు అడిగింది ఈ లెక్క మీదే, మా కాగితాలు దగ్గర ఉండబట్టి సమాధానం చెప్పగలిగాం. నోటీసు మాత్రం వచ్చింది, రావాల్సిందే.

ఆయిల్ అంటిన గడ్డి, సంచులు, షీట్లు చెత్తలో వెయ్యడానికి లేదు. 2016 ప్రమాదకర వ్యర్థాల నియమాల కింద అవి లెక్కలోకి వస్తాయి, మూతలున్న డ్రమ్ముల్లో లేబుల్ వేసి, కింద సిమెంటు నేల, పైన షెడ్డు ఉన్నచోట పెట్టి, 90 రోజుల్లోపు మేనిఫెస్ట్ (ఆ వ్యర్థాల రవాణా పత్రం) రాసి అనుమతి ఉన్న కేంద్రానికి పంపాలి. బాయిలర్‌లో వేసి కాల్చేద్దాం అన్నవాళ్లున్నారు, అనుమతి లేకుండా అది కూడా నేరమే. శుభ్రం చెయ్యడం కంటే ఈ కాగితాలకే ఎక్కువ రోజులు పట్టింది.

తర్వాత కొన్ని మారాయి. గట్టి వానలో అన్‌లోడింగ్ ఆపేస్తున్నారు, తప్పనిసరైతే జాయింటు దగ్గర ఒక మనిషి కదలకుండా నిలబడాలి. హోస్‌లు, గాస్కెట్లు పాడయ్యేదాకా ఆగకుండా ముందే మారుస్తున్నారు. అన్‌లోడింగ్ చోట పైన రేకులు వేశారు, వాన నీళ్లు సంపులోకి రాకుండా. గేటు ప్రతి వారం ఎత్తి దించి చూస్తున్నారు, అడుగున ఒండ్రు తీస్తున్నారు. ఏటవాలు పైపుల కట్టని డ్రెయిన్‌లో కాంక్రీటుతో శాశ్వతంగా కట్టించారు, నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది ఇదే. డ్రెయిన్ మీద ఆయిల్‌ని పసిగట్టే సెన్సర్ కావాలని పెట్టిన ప్రతిపాదన ఇంకా ఫైల్లోనే ఉంది. వచ్చే మాక్ డ్రిల్‌కి లస్కరునీ, పంచాయతీ వాటర్‌మ్యాన్‌నీ కూడా పిలవాలని రాసిచ్చాను. దానికి మాత్రం వెంటనే ఒప్పుకున్నారు, తారీఖు వాళ్లిద్దరి వీలు చూసి పెడుతున్నాం.